ఆచారాన్ని ఎవరు చెప్పారు? ఎవరు రాశారు?
(లుషాయ్ కొండల స్త్రీల గురించి చేసిన ప్రసంగ పాఠం)



ఈశాన్య ప్రాంతం అనగానే తుపాకులు, సరిహద్దులు గుర్తొస్తాయి. అక్కడి స్త్రీల చరిత్ర మన చర్చల్లోకి పెద్దగా రాదు. అందుకే ఇవాళ నేను మిజోరం గురించి, అది ఇంకా లుషాయ్ కొండలుగా ఉన్నప్పటి స్త్రీల గురించి మాట్లాడదలచుకున్నాను.

బ్రిటిష్ వాళ్ళు 1873లో 'ఇన్నర్ లైన్' గీశారు. దాని వెనుక ఉన్నది తేయాకు తోటల ప్రయోజనం. 1890 నాటికి ఆ గీత దాటి కొండలనే ఆక్రమించారు. పన్నులూ వెట్టిచాకిరీ వచ్చిపడ్డాయి. వాటికి లొంగనని నిలబడినవాళ్ళలో రొపుయిలియాని ఒకరు. భర్త చనిపోయాక ఊళ్ళను పాలించిన స్త్రీ ఆమె. 1893లో ఆమెను బంధించారు. 1895లో చిట్టగాంగ్ జైల్లో చనిపోయింది.

అయితే రాణులు కొందరే. మామూలు స్త్రీ బతుకేమిటి? పోడులో పని, నీళ్ళు, కట్టెలు, వడ్లు దంచడం, బట్ట నేయడం, అన్నీ ఆమెవే. ఆస్తి మాత్రం కొడుకులది. భర్త "నిన్ను వదిలేశాను" అంటే చాలు, ఇల్లు విడిచి వెళ్ళాలి. తానే విడిపోవాలనుకుంటే, ఆమె కోసం ఇచ్చిన ఓలి సొమ్ము తిరిగి కట్టాలి.

దిక్కులేని విధవలు, అనాథలు పెద్ద ఇంట చేరి 'బోయి'లుగా చాకిరీ చేసేవారు. విడుదల వెల 40 రూపాయలు, లేదా ఒక మిథున్ పశువు. గడీల్లో ఆడబాపల సంగతి తెలిసిన మనకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. 1908లో వచ్చిన మిషనరీ డాక్టర్ పీటర్ ఫ్రేజర్ దీన్ని బానిసత్వమే అన్నాడు. ప్రభుత్వానికి మాత్రం ఊరిపెద్దల అండ కావాలి. చివరికి 1912లో కొండలు విడిచి వెళ్ళవలసి వచ్చింది ఫ్రేజరే.

ఇక అసలు విషయానికి వస్తాను. 1928లో పారీ అనే అధికారి లుషాయ్ ఆచారాలను పుస్తకంగా అచ్చువేశాడు. నోటి మాటగా ఉన్నంతకాలం ఆచారం ఊరును బట్టి, మనిషిని బట్టి కొంత వంగేది. అచ్చులోకి ఎక్కాక గట్టిపడింది, కోర్టులో ప్రమాణమైంది. పాలించేవాడూ మగవాడే, తీర్పు చెప్పే పెద్దలూ మగవాళ్ళే. ఆచారం కింద నలిగిన స్త్రీకి అందులో గొంతు ఎక్కడిది?

మిజో స్త్రీలు ఊరుకోలేదు. 1946లోనే సంఘం పెట్టుకున్నారు. 1987లో రాష్ట్రం వచ్చింది. రాజ్యాంగంలోని 371-జి అధికరణం మిజో ఆచార చట్టానికి రక్షణ ఇచ్చింది. జాతి అస్తిత్వానికి ఆ రక్షణ అవసరమే, కాదనను. కానీ దానితోపాటు పాత అసమానతకూ రక్షణ దొరికింది. పెళ్ళి, విడాకులు, వారసత్వంపై కొత్త చట్టం 2014లో గానీ రాలేదు. 2023లో 40 మంది సభ్యుల శాసనసభకు గెలిచిన స్త్రీలు ముగ్గురే.

మనం ఏజెన్సీలో పనిచేస్తుంటాం. "అది వాళ్ళ ఆచారం, జోక్యం వద్దు" అనే మాట తరచూ వింటుంటాం. బయటివాళ్ళుగా తీర్పులు చెప్పడం మన పని కాదు, నిజమే. కానీ ఆ ఆచారాన్ని ఎవరు చెప్పారు, ఎవరు రాశారు, ఆ రోజు స్త్రీలను అడిగారా అన్న ప్రశ్నను ఆ స్త్రీలతో కలిసి వేయడం మాత్రం మన పనే. జవాబు వాళ్ళు చెబుతారు. వినడానికి మనం సిద్ధంగా ఉండాలి.