విండోస్ 11కు మారనంటున్న కంప్యూటర్

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక విండోస్ 11కు మారబోయి, యంత్రానికి తగిన అర్హతలు లేవన్న సందేశం చూసినవారు వెంటనే కొత్తది కొనడానికి తొందరపడనక్కరలేదు. విండోస్ 11 కోరే 4 జీబీ ర్యామ్, 64 జీబీ నిల్వస్థలం చాలా కంప్యూటర్లలో ఉండేవే. చిక్కు తరచుగా టీపీఎం 2.0 దగ్గర, అంటే రహస్య సంకేతాలను భద్రపరిచే భాగం దగ్గర వస్తుంది. విండోస్, ఆర్ మీటలను కలిపి నొక్కి, తెరుచుకున్న చిన్న పెట్టెలో ‘టీపీఎం డాట్ ఎంఎస్‌సీ’ అని ఇంగ్లిషులో టైపు చేస్తే దాని స్థితి తెలుస్తుంది. అది కనబడనంత మాత్రాన యంత్రంలో లేదని అనుకోరాదు. ఇంటెల్ బోర్డుల్లో పీటీటీ, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అన్న పేరుతో ఉండి కూడా ఆపివేసి ఉండవచ్చు. యంత్రం మొదలవుతుండగా ఎఫ్2 గాని డిలీట్ గాని, తయారీదారు నిర్ణయించిన మరో మీట గాని నొక్కితే వచ్చే యూఈఎఫ్ఐ అమరికల్లో, అంటే విండోస్ కంటే ముందు మేల్కొనే మూల ప్రోగ్రాములో, దాన్ని ఆన్ చేయవచ్చు. డిస్కు విభజన పాత ఎంబీఆర్ పద్ధతిలో ఉంటే, యూఈఎఫ్ఐకి తగిన జీపీటీ పద్ధతికి మార్చే సాధనం విండోస్‌లోనే ఉంది గాని, ఫైళ్ళకు వేరేచోట నకలు తీసుకోకుండా ఆ పనికి పూనుకోవడం ఎంతమాత్రం తగదు. ఇంటెల్ ప్రాసెసర్ 8వ తరానికి ముందుదైతే, కొన్ని మినహాయింపులు తప్ప, అమరికలు ఎన్ని మార్చినా అధికారిక మార్గం తెరుచుకోదు. అటువంటి యంత్రానికి విండోస్‌కు బదులుగా వాడదగిన లినక్స్ చక్కని ఆశ్రయం.