ప్యాకెట్ మీద రంగులు



మన సంఘాలల్ల కారం, పసుపు, పచ్చళ్లు, అప్పడాలు చేసే అక్కలు చాలామంది ఉన్నరు. సరుకు మంచిగనే ఉంటది. కానీ తొర్రూరు అంగడిల పెట్టినా, వరంగల్‌ల స్టాలు వేసినా, కొనేవాళ్లు ముందు చూసేది ప్యాకెట్‌నే. దాని మీద పేరు చదవరాకుంటే పక్క స్టాలుకు పోతరు. మిగిలిన సరుకు లూజుగ కిలోల లెక్కన వ్యాపారికి పోతది. ఆయన అదే కారానికి తన ప్యాకెట్ వేసి, తన పేరు పెట్టుకొని అమ్ముకుంటడు. మన పేరూ పోతది, మిగులూ పోతది. అందుకే ఈసారి మేము లోన్ల సంగతి పక్కకు పెట్టి రంగుల సంగతి మాట్లాడుతున్నం. లేబుళ్లు, స్టాలు ఫ్లెక్సీలు, పాంప్లెట్లు మా సంఘంల మేమే ఫోన్ల తయారు చేసుకుంటున్నం. డిజైన్ కోర్సు చేసినోళ్లం ఎవ్వరం లేము.

రంగులు జోడించడం మనకు కొత్త పని కాదు. బతుకమ్మ పేర్చేటప్పుడు తంగేడు మీద పసుపు బంతి పెడితే రెండు వరుసలు ఒక్కటే అయితయి. నడుమ తెల్ల గునుగు ఒక్క వరుస పెడితే రెండూ లేచి కనబడతయి. ఎరుపు అద్దిన గునుగు పక్కన ముదురు నీలం అద్దిన గునుగు పెడితే పొద్దున ఇంట్ల మంచిగనే ఉంటది, పొద్దుగూకినంక చెరువు కట్ట మీద రెండూ నల్లగ కలిసిపోతయి. లేబుల్‌కు కూడా ఇదే లెక్క. రంగుల పేర్లు వేరైతే సరిపోదు, ఒకటి లేతగ, ఇంకోటి ముదురుగ ఉండాలె.

కారం ప్యాకెట్‌నే తీసుకోండి. మిరపపండు ఎరుపు, తొడిమె ఆకుపచ్చ అని ఎర్ర కాగితం మీద ఆకుపచ్చ అక్షరాలు వేస్తుంటరు. ఆలోచన బాగానే ఉంది, కానీ రెండూ ఒకే తీరు ముదురు. అక్షరం నిలకడగ కనబడదు, కండ్లు గుంజుతయి. పైగా ఎరుపుకు, ఆకుపచ్చకు తేడా సరిగ్గ తెలియని మనుషులు కూడా ఉంటరు. ఎక్కువగ అది పుట్టుకతోనే వస్తది, మగవాళ్లల్ల ఎక్కువ. అదే ఎరుపు మీద తెలుపు గానీ, లేత పసుపు గానీ వేసి చూడండి. ఎరుపు నిండుగ ఉండాలంటే మన చేర్యాల నకాశీ బొమ్మలు చూడండి. నేలంత ఎరుపే, అయినా బొమ్మలు అందుల మునగవు, చుట్టూ నల్ల గీత ఉంటది కాబట్టి. అక్షరాల చుట్టూ కూడా అట్లా ఒక గీత తీయవచ్చు.

పసుపు ప్యాకెట్‌కు నల్ల అక్షరాలు మేలు. కిరాయి ఆటోల నంబరు ప్లేట్లు, రైల్వే స్టేషన్ బోర్డులు పసుపు మీద నలుపే కదా. పసుపు మీద తెలుపు మాత్రం వద్దు.

ఏ జోడీ పెట్టాలో తెలియకపోతే మేము చేసే పని ఒకటుంది. లేబుల్ ఫోటో తీసి, ఫోన్ల ఎడిట్‌కు పోయి బ్లాక్ అండ్ వైట్ చేస్తం. అక్షరాలు చదవొస్తే ఆ జోడీ ఉంచుతం, బూడిద రంగుల కలిసిపోతే మారుస్తం. తరువాత గోడకు అంటించి పది అడుగుల దూరం పోయి, సంఘంల పెద్ద వయసు అమ్మతోని చదివిస్తం. ఆమె మాటే ఆఖరు.

ఎన్ని రంగులు అంటే, చీర లెక్క చూసుకోండి. ఒంటి రంగు ఎక్కువ, అంచు తక్కువ, కొంగుల మెరుపు ఇంకా తక్కువ. ఫ్లెక్సీ షాపుల చెప్పకుండా వదిలేస్తే ఏడెనిమిది రంగులు పోస్తరు. (పెద్దల ఫోటోలకు పోను సరుకు పేరుకు జాగా ఉండదు, అది వేరే సంగతి.)

రూల్ కూడా ఉంది. 2011 ప్యాకెట్ సరుకుల నిబంధనల ప్రకారం ధర, తూకం అంకెలు వెనక రంగుకు భిన్నంగా, స్పష్టంగా కనబడాలి. శాకాహారం అని చూపే ఆకుపచ్చ చుక్క గుర్తు కూడా అంతే. ధనియాల పొడికి ఆకుపచ్చ ప్యాకెట్ పెట్టినోళ్లు ఆ గుర్తును తెల్ల డబ్బాల వేయించండి.

ఫోన్ల రంగు వెలుగుతోని వస్తది, ప్రింటుల సిరాతోని వస్తది. నీలి, గులాబి, పసుపు, నలుపు, ఈ నాలుగు సిరాలు కలిపే అన్ని రంగులు తీస్తరు. ఫోన్ల మెరిసే ఆకుపచ్చ, నారింజ కాగితం మీద మందంగ వస్తయి. అందుకని మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క కాపీ తీయించి, ఎండల ఒకసారి, ట్యూబులైటు కింద ఒకసారి చూడండి.

చదువు రాని అమ్మలు మన దగ్గర రంగును చూసే ప్యాకెట్ తీసుకుంటరు. కారానికి ఒక రంగు అనుకున్నమంటే ప్రతి బ్యాచ్‌కు అదే ఉండాలె. ఈసారి నీలం బాగుందని మారిస్తే మన గిరాకీయే మనల్ని గుర్తుపట్టదు.

భోజనాలైనంక మా లేబుళ్లు గేటు పక్కన బల్ల మీద పెడతం. మీ సంఘం ప్యాకెట్ తెచ్చుకున్నోళ్లు పట్టుకొని రండి, ఫోన్ల బ్లాక్ అండ్ వైట్ చేసి చూద్దం.