పథ్యం అంటే పస్తు కాదు
(పేగు వాపు జబ్బు మీద ప్రసంగం)



ఆర్మూర్ అంటే పసుపు. ఆడవాళ్ళ చెయ్యి పడకుండా ఆ పసుపు మార్కెట్టుకు పోదు. చేను పని లేని రోజుల్లో ఎంతోమంది బీడీలు చుడతారు. ఇంత కష్టం చేసే మనిషి తన కడుపు బాధ మాత్రం ఎవరికీ చెప్పదు. విరేచనాల సంగతి చెప్పాలంటే సిగ్గు. ఆ సిగ్గుతోనే కొన్ని జబ్బులు ముదురుతాయి. పేగు వాపు అట్లాంటి జబ్బే.

ఏమిటీ జబ్బు?

మనిషి ఒంట్లో రోగాలతో కొట్లాడే శక్తి ఉంటుంది. ఈ జబ్బులో ఆ శక్తి దారి తప్పుతుంది. సొంత పేగు మీదనే పడుతుంది. పేగు వాస్తుంది. పుండ్లు పడతాయి.

ఇందులో రెండు రకాలు ముఖ్యం. పెద్దపేగు లోపలి పొరలో వచ్చేది అల్సరేటివ్ కొలైటిస్. రెండోది క్రోన్స్ జబ్బు. ఇది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు. 1932లో అమెరికాలో క్రోన్ అనే డాక్టరు, ఆయన తోటి డాక్టర్లు దీని గురించి రాశారు. అందుకే ఆ పేరు.

ఇది అంటురోగం కాదు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. చేతబడి కాదు. ఎవరి పాపమూ కాదు. పట్నం వాళ్ళకే వస్తుందని ఒకప్పుడు అనుకునేవారు. తెలంగాణ పల్లెల్లో కూడా ఈ జబ్బు ఉందని హైదరాబాదు ఏఐజీ ఆసుపత్రి డాక్టర్లు 2023లో తెలిపారు.

గుర్తులు ఏమిటి?

వారాల తరబడి విరేచనాలు. నెత్తురు, జిగట పడటం. కడుపు నొప్పి. రాత్రి నిద్రలో లేచి పరుగెత్తటం. బరువు తగ్గటం. పేగు టీబీలో, అమీబా విరేచనాల్లో కూడా ఇట్లాంటి గుర్తులే ఉంటాయి. మందులు మాత్రం వేరు. అందుకే మొలలు అనుకొని ఊరుకోవద్దు. దవాఖానలో చూపించుకోవాలి. మలం, రక్తం పరీక్ష చేస్తారు. సన్నటి కెమెరా గొట్టంతో పేగు లోపల చూస్తారు.

ఉప్పు, బువ్వతో పుండు మానదు

ఒక అక్కకు ఈ జబ్బు వచ్చిందనుకోండి. ఒకరు పప్పు వద్దంటారు. ఒకరు గుడ్డు వేడి అంటారు. ఇంకొకరు పాలు మానెయ్ అంటారు. చివరికి ఆమెకు మిగిలేది ఉప్పు, బువ్వ. ఒక పక్క నెత్తురు పోతుంది. ఇంకో పక్క బలం రాదు. కూలిన గోడ లేపాలంటే రాయి, మట్టి కావాలి. పేగు పుండు మానాలంటే పప్పు, గుడ్డు, చేప లాంటి తిండి కావాలి.

జబ్బు పెరిగినప్పుడు

మెత్తటి అన్నం, జావ, పెసరపప్పు కట్టు, ఇడ్లీ, ఉడికిన ఆలుగడ్డ తినవచ్చు. ఆనిగెపుకాయ పొట్టు, గింజలు తీసి వండుకోవచ్చు. మగ్గిన అరటిపండు, ఉడికిన గుడ్డు, మెత్తగా ఉడికిన చేప, కోడి మంచివి. ఒకేసారి కడుపు నిండా తినవద్దు. రోజుకు ఐదారు సార్లు కొంచెం కొంచెం తినాలి.

కారం, తొక్కులు, నూనెలో వేయించినవి, పల్లీలు, మక్క కంకులు ఆ రోజుల్లో వద్దు. కల్లు, సారా వద్దు. ప్యాకెట్ తిండి, సీసా కూల్ డ్రింకులు వద్దు.

క్రోన్స్ జబ్బులో ఒక్కోసారి పేగు సన్నబడుతుంది. అప్పుడు మక్క గింజలు, పీచు అడ్డం పడవచ్చు. కడుపు ఉబ్బి, వాంతులు అయి, గాలి కూడా పోకుంటే వెంటనే దవాఖానకు పోవాలి.

విరేచనాలు ఎక్కువైతే ఓఆర్‌ఎస్ తాగాలి. ఎన్ని నీళ్ళు కలపాలో ప్యాకెట్టు మీద ఉంటుంది. చదివి, అన్నే నీళ్ళు కలపాలి.

జబ్బు తగ్గినప్పుడు

ఇక మామూలు తిండికి మళ్ళాలి. జొన్నరొట్టె, ఉడికిన ఆకుకూర, పప్పు ఒక్కొక్కటిగా మొదలుపెట్టాలి. ఒక కొత్త వస్తువు తిన్నాక రెండు మూడు రోజులు చూడాలి. ఒకరికి పడనిది ఇంకొకరికి పడుతుంది. పాలు పడనివారికి పెరుగు, సల్ల పడవచ్చు. ఏది పడదో తెలిసేది ఎట్లా? నేర్చుకున్న చదువు ఇక్కడ పనికొస్తుంది. ఒక నోటుబుక్కులో ఇట్లా రాసుకోవాలి:

సోమవారం – జొన్నరొట్టె, పాలకూర పప్పు. విరేచనాలు 2. నొప్పి లేదు.
గురువారం – పాలు ఒక గ్లాసు. విరేచనాలు 5. కడుపు ఉబ్బింది.

ఈ బుక్కు డాక్టరుకు చూపించాలి. నోటితో చెప్పటానికి సిగ్గయినా, రాత చెబుతుంది.

పసుపు తింటే తగ్గుతుందా?

పసుపులో కుర్కుమిన్ అనే పదార్థం ఉంటుంది. 2006లో జపాన్ డాక్టర్లు ఒక పరీక్ష సంగతి రాశారు. కొలైటిస్ తగ్గిన 89 మందిలో కొందరికి మామూలు మందుతో పాటు రోజుకు 2 గ్రాముల కుర్కుమిన్ ఇచ్చారు. ఆరు నెలల్లో వాళ్ళకు జబ్బు తిరగబెట్టడం తగ్గింది.

అయితే లెక్క చూడండి. 100 గ్రాముల పసుపులో కుర్కుమిన్ ఉండేది సుమారు 3 గ్రాములు. 2 గ్రాములు కావాలంటే రోజుకు 60 గ్రాములకు పైగా పసుపు తినాలి. అది అయ్యే పని కాదు. పైగా జపాన్‌లో ఎవరూ మందు మానలేదు. కూరలో పసుపు వేసుకోండి. దాన్ని నమ్మి గోలీలు మాత్రం మానవద్దు.

మందు మాట

నెత్తురు ఆగగానే చాలామంది మందు ఆపేస్తారు. జబ్బు మళ్ళీ లేస్తుంది. గర్భం వచ్చిందని కూడా సొంతంగా ఆపవద్దు. బిడ్డ కావాలనుకున్నప్పుడే డాక్టరుకు చెప్పాలి. ఏ మందు ఉంచాలో, ఏది మార్చాలో డాక్టరే చెబుతారు.

బీడీలు చుట్టి నడుము నొప్పి అని దుకాణంలో గోలీలు కొనవద్దు. కొన్ని నొప్పి గోలీలు ఈ జబ్బును రేపుతాయి. పొగ తాగితే క్రోన్స్ జబ్బు ముదురుతుంది.

ఈ జబ్బుకు ఇచ్చే సల్ఫాసలజిన్ మందు వాడితే ఒంట్లో ఫోలిక్ ఆమ్లం తగ్గవచ్చు. అందుకే డాక్టరు ఆ గోలీ కూడా రాస్తారు. 1945లో అమెరికాలో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసిన బృందానికి పెద్ద మన తెలుగువాడే. ఆయన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములను పొట్టన పెట్టుకున్నది స్ప్రూ అనే పేగు జబ్బే.

గుర్తుంచుకోండి

తిండి మందుకు తోడు. మందుకు బదులు కాదు.
పడనిది మానాలి. పడేది కడుపునిండా తినాలి.
నెత్తురు పడితే దాచవద్దు.

చర్చించండి

1. మీ ఇంట్లో జబ్బు మనిషికి ఏమేమి తినవద్దంటారు? ఎందుకు?
2. ఈ వారం మీరు తిన్నవి నోటుబుక్కులో రాయండి.