పర్యావరణవిద్యయు మన విద్యార్థులును



ఈ వార్షికమహాసభయందు విద్యావిషయమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు నన్ను గోరిరి. నాకుఁ బరిచితమైనది వ్యాకరణము. నేఁడు నేను జెప్పఁబోవునది పర్యావరణశాస్త్రము. ఈ రెంటికి సంబంధమేమని మీరడుగవచ్చును. పరి, ఆఙ్ అను నుపసర్గలు ముందుండఁగా వృఞ్ ధాతువునుండి యీ పదమేర్పడినది. నలుదెసల మనలను గప్పియున్నదియే పర్యావరణము. పదముయొక్క యర్థము సులభమే. ఆ పేరు గల విద్యలయందలి భేదము తెలియుటయే కష్టము. ఆ భేదము తెలియక నేనొక బాలునికిఁ గలిగించిన నష్టమే యీ యుపన్యాసమునకుఁ గారణము.

కొన్నియేండ్ల క్రిందట మన బాంధవులలో నొక పేదయింటి బాలుఁడు ఇంటర్మీడియట్ గణితశాఖలోఁ గృతార్థుఁడై, కాలుష్యనియంత్రణమండలిలో నింజనీరు కాఁగోరి నా సలహా నడిగెను. పర్యావరణమను పేరున్నఁ జాలునని తలఁచి, బీయెస్సీయు, పిదప ఎమ్మెస్సీయుఁ జదువుమంటిని. అతఁడు శ్రద్ధతోఁ జదివెను. తీరా ప్రకటన చూడఁగా నింజనీరింగు పట్టము కావలెనని యుండెను. అతఁడు నన్ను నిందింపలేదు. “మాస్టరుగారూ, మీరు నా మేలుకోరియే చెప్పితిరి” అని మాత్రమే యనెను. ఆ మాటయే నాకు శిక్షయైనది.

కావున మొదటఁ దెలియవలసినదేమనఁగా, ఇందు రెండు మార్గములు గలవు. ఒకటి శాస్త్రము, రెండవది ఇంజనీరింగు. గాలి, నీరు, నేల, జీవరాశి వీని స్థితిని బరీక్షించి కారణమరయుట మొదటిదాని పని. మురుగునీటిని శుద్ధిచేయు యంత్రాగారమును నిర్మించుట రెండవదాని పని.

శాస్త్రమార్గమునఁ బోవువానికి సామాన్యముగా సైన్సు పట్టము కావలెను. ఢిల్లీలోని జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమునఁ బర్యావరణశాస్త్ర విభాగము 1974లో నేర్పడినది. అచ్చటను, పుదుచ్చేరి మొదలగు కేంద్రవిశ్వవిద్యాలయములందును జేరుటకు 2022నుండి సీయూఈటీ పీజీ యను నుమ్మడి పరీక్ష ముఖ్యద్వారమైనది. ఆంధ్రప్రదేశమునందలి విశ్వవిద్యాలయములకు ఏపీ పీజీసెట్, తెలంగాణమునందలివానికి సీపీగెట్ వ్రాయవలెను. కేంద్రపరీక్ష సామాన్యముగా ముందు వచ్చును. మన రాష్ట్రముల పరీక్షలు తరువాత వచ్చును. పట్టపరీక్షలు ముగిసినపిమ్మట విచారింత మనువాఁడు మొదటిదానిని గోల్పోవును.

ఇంజనీరింగు మార్గమునకు ఇంటర్మీడియట్‌లో గణితము కావలెను. బీటెక్ పిదప ఎంటెక్‌నకు గేట్ పరీక్ష ప్రధానము. అందుఁ బర్యావరణమునకుఁ బ్రత్యేకపత్రము 2021నుండి వచ్చినది. మన రాష్ట్రకళాశాలలకుఁ బీజీఈసెట్ కూడఁ గలదు.

మఱియొక సంగతి. అటవీసేవాపరీక్ష వ్రాయువాఁడు వృక్షశాస్త్రము, జంతుశాస్త్రము, రసాయనము, భౌతికము, గణితము, భూగర్భశాస్త్రము, సంఖ్యాశాస్త్రము, పశువైద్యము వీనిలో నొకటియైనఁ బట్టమునఁ జదివియుండవలెను. లేదా వ్యవసాయము, అటవీశాస్త్రము, ఇంజనీరింగు పట్టముండవలెను. ఆ పట్టికలోఁ బర్యావరణశాస్త్రమను పేరు లేదు! కావున బీయెస్సీలోఁ దోడి విషయముల నెన్నుకొనునపుడే జాగరూకులై యుండవలెను. 1991నాఁటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితముగాఁ బట్టవిద్యార్థులెల్లరు చదువు పర్యావరణపాఠము వేఱు, ఈ ప్రత్యేకవిద్య వేఱు అనియు గ్రహింపవలెను.

ఈ విద్య మనకేల యందురేమో! 1984లో భోపాలు, 2020 మే 7వ తేదీన విశాఖపట్టణము విషవాయువుచేఁ దల్లడిల్లుట మనమెఱుఁగుదుము. అట్టి యాపదలను ముందుగాఁ బసిగట్టి హెచ్చరింపఁగలవారు మన యిండ్లనుండియు రావలదా?

పోషకులకు రెండు విన్నపములు. మన వసతిగృహమునఁ బ్రవేశపరీక్షల ప్రకటనలను, గడువులను, అర్హతలను దెలుపు బల్ల నొకదానిని నెలకొల్పుఁడు; దానిని జూచుపని నేను వహింతును. రెండవది, మన విద్యార్థివేతననిధినుండి పేదబాలబాలికల పరీక్షారుసుముల నిప్పింపుఁడు. ఒక్క పరీక్షకే సొమ్ముండుటచే రెండవద్వారమును దట్టని వారు మనలోఁ బెక్కురు గలరు.

నేను బొరపాటున దారి తప్పించిన యా బాలుఁడు ఇప్పుడు అధ్యాపకార్హతకై నెట్ పరీక్షకుఁ జదువుచున్నాఁడు. అతనికి జయము గలుగుఁగాక! అతని తరువాతివారికి నావంటి వానినోటిమాటయే యాధారము గాకుండుఁగాక!