వాల్వు మార్చేముందు

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి పెద్దలు మాట్లాడారు. నేను కారు పొగ గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను. ఇదీ మన జేబుకు, ఆరోగ్యానికి సంబంధించినదే.

ఉంగుటూరులో మా ఇంట్లో ఒక డీజిల్ కారుంది. ఏలూరు ఆసుపత్రికైనా, తాడేపల్లిగూడెం బజారుకైనా మాకు అదే దిక్కు. కిందటేడు అది ఆగినచోట వణకడం, ఎత్తు ఎక్కేటప్పుడు లాగకపోవడం, నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది. మీటరు దగ్గర ఇంజను బొమ్మ దీపం వెలిగింది. ఒక షెడ్డులో చూసి, "ఇ.జి.ఆర్. వాల్వు పోయింది, కొత్తది వేయాలి" అన్నారు. చెప్పిన ఖరీదు నా నెల పెన్షనులో సగం. "పోయిందనడానికి ఆధారమేమిటి బాబూ?" అని అడిగాను. ముప్ఫై ఏళ్లు ఫైళ్లు చూసినవాణ్ణి. ఆధారం లేని బిల్లు ముందుకు పంపే అలవాటు లేదు. జవాబు రాలేదు, బండి తీసుకొచ్చేశాను.

ఆ వాల్వు పనేమిటో చెబుతాను. ఇంజనులో మంట వేడి మరీ పెరిగితే గాలిలోని నత్రజని, ప్రాణవాయువు కలిసి నైట్రోజన్ ఆక్సైడులవుతాయి. అవి ఊపిరితిత్తులకు చేటు. అందుకని కాలిన పొగలో కొంత భాగాన్ని ఈ వాల్వు తిరిగి ఇంజనులోకి పంపుతుంది. ఆ పొగలో ప్రాణవాయువు తక్కువ గనుక మంట వేడి తగ్గుతుంది. ఇది మన పంటకాలువ తూము తలుపు లాంటిది. సందులో గుర్రపుడెక్క ఇరుక్కుంటే తలుపు దిగదు గదా! ఇక్కడ ఇరుక్కునేది మసి. తలుపు తెరుచుకునే ఉండిపోతే ఇంజనుకు మంచి గాలి చాలదు. వణుకు, నల్లపొగ అందుకే.

రెండవ మెకానిక్ స్కానరు పెట్టాడు. పొగ ప్రవాహం ఎక్కువగా ఉందని పి 0402 కోడు వచ్చింది. కోడు ఫిర్యాదే గాని తీర్పు కాదు. అతను వైర్లు, గొట్టాలు పరీక్షించి, ఇంజను చల్లారాక వాల్వు విప్పాడు. లోపల మసి గడ్డకట్టి తలుపు మూసుకోవడం లేదు. మోటారు భాగం తడవకుండా క్లీనరు కొట్టి, మెత్తని బ్రష్‌తో తోమి, కొత్త గాస్కెట్ వేసి బిగించాడు. స్కానరుతోనే తలుపు తెరిపించి, మూయించి చూపాడు. కోడు చెరిపి భీమడోలు దాకా పోయి వచ్చాం. దీపం మళ్లీ వెలగలేదు. కొత్త వాల్వు ఖరీదులో చిన్న భాగంతో పని జరిగింది. మోటారు కాలినా, తలుపు అరిగినా మాత్రం కొత్తది వేయవలసిందే.

"రేకుముక్క అడ్డం పెట్టి మూసేద్దాం, పీడా పోతుంది" అని కొందరంటారు. ఒప్పుకోకండి. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా బి.ఎస్.4, 2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్.6 నిబంధనలు వచ్చాయి. డీజిల్ బండ్లు వాటికి లోబడటానికి ఈ వాల్వూ ఒక ఆధారం. దాన్ని మూసేస్తే ఆ విషవాయువు పీల్చేది ఉబ్బసం ఉన్న మనమూ, మన మనవలూ.

గుడికి, బ్యాంకుకు మాత్రమే తిరిగే బండిలో ఇంజను పూర్తిగా వేడెక్కదు, మసి త్వరగా పడుతుంది. అప్పుడప్పుడు హైవే మీద అరగంట నిలకడగా నడిపించండి.

షెడ్డుకు వెళితే మూడు ప్రశ్నలు అడగండి: కోడేమిటి? విప్పి చూశారా? శుభ్రం చేస్తే సరిపోదా? అడగడానికి మొహమాటమెందుకు, డబ్బు మనది.