దక్కకపోయినా చేసే పని

ఈ పూట డాక్టర్ కేశవరెడ్డి నవల ‘అతడు అడవిని జయించాడు’ గురించి రెండు మాటలు.

1946లో చిత్తూరు జిల్లాలో పుట్టిన కేశవరెడ్డి, నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో కుష్ఠు రోగులకు వైద్యం చేస్తూ నవలలు రాశారు. ఈ కథ చిన్నది. పందులు మేపుకునే ముసలివాడొకడు. అతనికి పేరు లేదు. మందలో చూలు పంది కనబడక అడవికి పోతాడు. అక్కడ అది ఈనింది. పిల్లల కోసం నక్కలు కాచుకున్నాయి. రాత్రంతా ఒంటరిగా వాటితో తలపడతాడు. ఇంత పాటుపడినా చివరికి ఉట్టి చేతులతోనే మిగులుతాడు.

మరి నేర్చుకునేదేముంది? గెలుస్తానన్న ధీమా అతన్ని అక్కడ నిలబెట్టలేదు. ఆ ప్రాణుల్ని కాయడం తన పని, అంతే. ఆశ సన్నగిల్లేకొద్దీ ముందున్న పనిమీదే గురి కుదురుతుంది.

మన కోయిలకుంట్ల రైతుకు ఇది తెలియని సంగతి కాదు. ఇక్కడి నల్లరేగడిలో శనగ వేసేవాళ్లు వానలు వెనకబట్టాక, నేలలో మిగిలిన పదును చూసుకుని విత్తుతారు. తర్వాత చినుకు పడొచ్చు, పడకపోవచ్చు. ఉన్న పదునుకు తగ్గ పని ఈ రోజు చేస్తారు.

ఆశ లేకుండా బతకడమంటే చేతులు ముడుచుకోవడం కాదు. ఫలితానికి పూచీ లేకున్నా పనిని వదలకపోవడం. చిన్న నవలే, తీరిక చేసుకుని చదవండి. నమస్కారం.