పగిలిన బండలు

(స్వర్ణోత్సవాల సందర్భంగా జరిగిన పూర్వ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

 

నా చేతికి మైకిస్తే పంపుల గురించీ బేరింగుల గురించీ మాట్లాడతానని మా బ్యాచ్ వాళ్ళు భయపడుతున్నారు. ఇవాళ వాటి జోలికి పోను. ఒక ఇంటి గురించి చెబుతాను. చివర్లో మన బడి స్టోరు రూము గురించి ఒక మాట అడుగుతాను.

ఉద్యోగరీత్యా కొన్నేళ్ళు ఇంగ్లండులోని బ్రిస్టల్లో ఉన్నాను. అక్కడి నుంచి రైల్లో పావుగంట వెళితే బాత్ అనే ఊరు వస్తుంది. ఆ ఊళ్ళో న్యూ కింగ్ వీధిలో 19వ నంబరు ఇల్లు ఒకప్పుడు విలియం హెర్షెల్‌ది. జర్మనీలోని హానోవర్ నుంచి వచ్చిన సంగీత విద్వాంసుడాయన. పగలు సంగీత పాఠాలు చెప్పి, రాత్రి తన చేత్తో అరగదీసుకున్న లోహపు అద్దాల టెలిస్కోపుతో ఆకాశం చూసేవాడు. 1781 మార్చి 13 రాత్రి ఆ ఇంట్లో ఉంటూనే యురేనస్‌ను చూశాడు. మొదట తోకచుక్క అనుకున్నాడు. టెలిస్కోపుతో కనిపెట్టిన మొట్టమొదటి గ్రహం అదే.

ముందు వరసలో కూర్చున్న మా సైన్సు మాస్టారు ఎనిమిదో తరగతిలో గ్రహాల పేర్లు వరసగా అప్పజెప్పించేవారు. నేను ప్రతిసారీ యురేనస్ దగ్గరే ఆగిపోయేవాణ్ణి. మాస్టారు చెవి మెలిపెట్టేవారు. ఆ చెవి తడుముకుంటూనే ఆ ఇంట్లో అడుగుపెట్టాను.

శిథిలమవుతున్న ఆ ఇంటిని కొందరు పూనుకుని నిలబెట్టి, 1981లో మ్యూజియంగా తెరిచారు. మ్యూజియం అనగానే మనకు హైదరాబాదు సాలార్‌జంగ్ గుర్తొస్తుంది. ఇది అలాంటిది కాదు. సన్నటి మెట్లు, చిన్న గదులు, వెనక చిన్న తోట. మామూలు ఇల్లు. ఇలాంటి ఇళ్ళు చాలావరకు శనివారాలు వచ్చి ఉచితంగా పనిచేసే పెద్దవాళ్ళ మీదే నడుస్తాయి. నేనూ కొన్నాళ్ళు అలా చేశాను.

ఆ పని చెబితే మీకు నవ్వొస్తుంది. పొద్దున్నే తలుపు తీయగానే గదిగదికీ తిరిగి, నిన్న ఉన్నవన్నీ ఉన్నచోటే ఉన్నాయో లేదో చూడాలి. గాలిలో తేమ రాసుకోవాలి. అది 40 నుంచి 60 శాతం మధ్య ఉంటే మేలు. తేమ పెరిగితే కాగితానికి బూజు పడుతుంది. మరీ తగ్గితే కర్ర బీటలిస్తుంది. పాత కాగితాలున్న చోట వెలుతురు 50 లక్సు దాటకూడదు. ఆఫీసులో మన బల్లల మీద పడే వెలుతురులో అది పదో వంతు. అందుకే కిటికీ తెరలు దించే ఉంచుతారు. గది మూలల్లో జిగురు అట్టలు పెట్టి, వాటికి ఏ పురుగులు అంటుకున్నాయో లెక్క రాస్తారు. పురుగు వచ్చాక మందు కొట్టడం కన్నా, వస్తోందని ముందే తెలుసుకోవడం చవక. దుమ్ము దులపడానికి మెత్తటి కుంచె వాడాలి. తడిగుడ్డ పనికిరాదు. ఆ తర్వాత టిక్కెట్లు, వచ్చిన వాళ్ళ లెక్క, మెట్ల మీద పరిగెత్తే పిల్లలు. సాయంత్రం మళ్ళీ గదిగదికీ తిరిగి తాళం. ఇందులో గొప్ప పని ఒక్కటీ లేదు. కానీ ఒక్క వారం మానేస్తే తెలిసిపోతుంది.

వెనక పనిగదిలో నేల బండలు పగిలి ఉన్నాయి. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా! ఎవరైనా తట్టుకుని పడతారు, సిమెంటుతో చదును చేయిద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. నాతో పనిచేసే పెద్దావిడ నవ్వి, "వాళ్ళంతా టిక్కెట్టు కొని వచ్చేది ఆ పగుళ్ళు చూడటానికే" అంది.

1781 ఆగస్టులో అన్నాచెల్లెళ్ళు ఆ గదిలోనే ఒక పెద్ద అద్దం పోత పోయబోయారు. అచ్చు కోసం చెల్లెలు కరోలిన్ గుర్రపు పేడ దంచి జల్లెడ పట్టింది. కరిగిన లోహం కారి నేల మీద పడేసరికి బండలు పేలి పైకప్పు దాకా ఎగిరాయి. అందరూ తలో గుమ్మంలోంచి బయటికి పరిగెత్తారు. ఆ కరోలినే తర్వాత ఎనిమిది తోకచుక్కలు కనిపెట్టింది. 1787 నుంచి రాజుగారు ఆమెకు ఏడాదికి 50 పౌండ్ల జీతం ఇచ్చారు. నేను సిమెంటు పూసి ఉంటే ఆ ఓడిపోయిన రోజుకు సాక్ష్యం పోయేది.

ఇక మన సంగతి.

కొత్త బ్లాకు కోసం పాత పెంకుల షెడ్డు తీసేస్తున్నాం. అందులోని స్టోరు రూము ఖాళీ చేసి, పాత కాగితాలు కాటాకు వేయాలని నిరుడు మన కమిటీ తీర్మానించింది. దానికి జూమ్‌లో చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఇక్కడ నిలబడ్డాను.

మొన్న ఆ గది తాళం తీయించి చూశాను. విరిగిన గ్లోబు, ఇత్తడి గంట, పురికొసతో కట్టిన అడ్మిషన్ రిజిస్టర్లు. మొదటి రిజిస్టరు కింది మూల చెదలు తినేశాయి. నేను చేరిన సంవత్సరం పుస్తకం మాత్రం బాగానే ఉంది. నా పేరు దొరికింది. తండ్రి సంతకం అన్న చోట మా నాన్న వేలిముద్ర ఉంది. ఆయనకు చదువు రాదు. పోయి పద్దెనిమిదేళ్ళయింది. ఆయన చేతి గుర్తు నా దగ్గర ఇంకొకటి లేదు. ఆ పేజీలోనే ఇంకా ఎన్నో వేలిముద్రలున్నాయి. ఈ హాల్లో కూర్చున్న డాక్టర్ల తండ్రులవి, టీచర్ల తండ్రులవి కూడా.

షెడ్డు మొత్తం ఆపమని అడగను. పిల్లలకు గదులు కావాలి, నాకు తెలుసు. కొత్త బ్లాకులో ఒక్క గది అడుగుతున్నాను. ఎండ తగలని వైపు, నేల నుంచి అడుగు ఎత్తున ఇనుప రాకులు, గోడకు జానెడు దూరంలో. తేమ చూసే చిన్న మీటరు ఒకటి. జిగురు అట్టలు నాలుగు. ఒక నోటుబుక్కు. వీటి ఖర్చు పెద్దది కాదు, అది నేను పెట్టుకుంటాను. డబ్బుతో రానిది వారానికి రెండు గంటలు. ఊళ్ళో ఉన్నవాళ్ళు పదిమంది వంతులేసుకుంటే ఒక్కొక్కరికి పది వారాలకు ఒకసారి వస్తుంది. ఏడాదిలో ఊరికి తిరిగి వచ్చేస్తున్నాను. నా వంతు మొదట రాసుకోండి.

అప్పటిదాకా ఆ గది తాళం తీయకండని కమిటీని చేతులెత్తి వేడుకుంటున్నాను. ఈసారి చెయ్యెత్తేది మాత్రం తెలిసే!